పెన్‌డ్రైవ్‌ను తగిలించడం, విడిపించడం: లినక్స్‌కు కొత్తవారి కోసం ఒక పాఠం

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరువాతి విండోస్ 11 పాత కంప్యూటర్లలో చాలావాటిపై నడవదు. యంత్రం బాగానే ఉండి, దానిలోని విండోస్‌కు మాత్రమే కాలం చెల్లినప్పుడు కొత్త కంప్యూటరు కొనడం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ కాదు. అందువల్ల పాత కంప్యూటరులోనే లినక్స్ వేయించుకునేవారు కనిపిస్తున్నారు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితంగా లభిస్తాయి. మన దేశంలోనే సీడాక్ సంస్థ రూపొందించి 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ ఉంది. అందులో తెలుగుకూ మరాఠీకీ చోటు ఉంది. సాఖర్ పేఠ్, భవానీ పేఠ్ వంటి మన పూర్వ భాగపు పేటలలో చదువుకునే పిల్లలున్న ఇళ్ళను, చద్దర్ల నమూనాలు గీసే దుకాణాలను దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం రాయబడింది.

లినక్స్ వేయించుకున్న మొదటి రోజే ఒక ప్రశ్న ఎదురవుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టాము, 'డి' డ్రైవ్, 'ఇ' డ్రైవ్ ఎక్కడ? ఇది అందరూ అడిగే ప్రశ్న. ఎవరూ అడగని ప్రశ్న మరొకటి ఉంది: పని ముగిశాక పెన్‌డ్రైవ్‌ను తీయడం ఎలా? మొదటిది తెలియకపోతే కాసేపు తికమక పడతాము, అంతే. రెండవది తెలియకపోతే ఫైళ్ళు పోతాయి. కనుక ఈ పాఠంలో రెండవదానికే ఎక్కువ చోటు ఇచ్చాము.

ఆ చిన్న పరికరంలో ఏముంటుందో మీకు తెలియనిది కాదు. జాత్ పడతాళణీ కోసం వెతికి వెతికి సంపాదించిన తాతగారి బడి దాఖలా ఉంటుంది. బీడీలు చుట్టిన తల్లి భవిష్య నిధి కాగితాలుంటాయి. ఇంటి పన్ను రసీదులు, పిల్లల మార్కుల పట్టికలు, పెళ్ళి ఫోటోలు ఉంటాయి. రసీదు పోతే మరో ప్రతి అడగవచ్చు. కాని తెలంగాణ పల్లెలోని పాత బడి రిజిస్టరు చెదలు పట్టిపోయి, దాని నుండి తీసిన కాగితం చిరిగిపోయి, మిగిలిన స్కాన్ ప్రతి ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉంటే, అది పాడైననాడు వెళ్ళి అడగడానికి కార్యాలయమంటూ ఉండదు.

అక్షరం లేదు, చోటు ఉంది

విండోస్ ప్రతి డిస్కుకు ఒక ఆంగ్లాక్షరం కేటాయిస్తుంది. పూర్వం మొదటి రెండు అక్షరాలు ఫ్లాపీలకు పోయాయి కనుక కంప్యూటరు లోపలి డిస్కుకు మూడవదైన 'సి' దక్కింది. తరువాత వచ్చినవాటికి 'డి', 'ఇ', 'ఎఫ్' వరుసగా వచ్చాయి. ఫ్లాపీలు పోయినా ఆ వరుస మారలేదు.

లినక్స్‌లో ఈ పద్ధతి లేదు. అక్కడ ఉన్నది ఒకే ఒక చెట్టు. దాని వేరును ఒక ఏటవాలు గీతతో ( / ) సూచిస్తారు. కంప్యూటరులోని ప్రతి ఫోల్డరూ, ప్రతి ఫైలూ ఆ వేరు నుండి బయలుదేరిన కొమ్మపైనే ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ సొంత ఫైళ్ళుండే 'హోమ్' ఒక కొమ్మ. బయటి నుండి వచ్చిన పెన్‌డ్రైవ్‌కు వేరే చెట్టు పాతరు. ఉన్న చెట్టులోనే ఒక ఖాళీ ఫోల్డరును సిద్ధం చేసి, పెన్‌డ్రైవ్‌లోని సరుకంతా ఆ ఫోల్డరులో కనిపించేటట్లు కలుపుతారు. ఉబుంటు, మింట్‌లలో ఆ చోటు 'మీడియా' అనే ఫోల్డరు కింద, మీ పేరుతో ఉన్న ఫోల్డరులో ఏర్పడుతుంది. ఫెడోరా వాడేవారికి 'రన్' అనే ఫోల్డరు కింద ఉన్న 'మీడియా'లో కనిపిస్తుంది. ఈ దారులు గుర్తు పెట్టుకోనక్కరలేదు. డెస్క్‌టాపే దారి చూపుతుంది. చెట్టు ఒక్కటే అన్న సంగతి గుర్తుంటే చాలు.

ఇలా కలపడాన్ని ఆంగ్లంలో 'మౌంట్' చేయడం అంటారు. దీనికి తెలుగు మాట వెతికేటప్పుడు నిఘంటువు పెద్దగా సాయపడలేదు. 'అధిరోహించు' అన్నది గుర్రానికీ కొండకూ చెల్లుతుంది. 'ఆరోపించు' అన్నదానికి పాత కావ్యాలలో సరిగ్గా ఈ అర్థమే ఉంది, వింటికి నారిని ఎక్కించడం అని. కాని నేడు 'పెన్‌డ్రైవ్‌ను ఆరోపించండి' అంటే దానిపై ఏ నేరం మోపాలా అని పాఠకులు ఆలోచిస్తారు. అందుచేత ఈ పాఠంలో 'తగిలించడం' అన్న ఇంటి మాటనే వాడుతున్నాము. దానికి ఎదురు పని 'అన్‌మౌంట్'. దానిని 'విడిపించడం' అంటున్నాము. తెరపై మీకు ఏ భాషలో కనిపించినా విషయం ఇదే.

జకార్డు అట్టల దండ

ఈ రెండు పనులను అర్థం చేసుకోవడానికి మన పేటలో దూరం వెళ్ళనక్కరలేదు. సోలాపూర్ చద్దరు మీద పువ్వును, నెమలిని, అంచును నేసేది జకార్డు. సాంచ పైభాగాన వేలాడే అట్టల దండ అందరూ చూసినదే. ఒక్కొక్క అట్టపై చిల్లులుంటాయి. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దిగి, దానికి సంబంధించిన పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. ఒక పేక పడగానే అట్ట ఒకటి తిరుగుతుంది. నమూనా మొత్తం ఆ చిల్లులలోనే ఉంది. సాంచ అదే, నేసేవాడు అతడే. దండ మారితే చద్దరు మారుతుంది.

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డు ఈ సాధనాన్ని 1804లో రూపొందించాడు. ఆ అట్టల ఆలోచననే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రం కోసం తీసుకోదలచాడు. అమెరికాలో 1890 జనగణన లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల అట్టలతోనే తేల్చాడు. తరువాత చాలా కాలం కంప్యూటర్లకు సమాచారం అందించినవి చిల్లుల అట్టలే. పెన్‌డ్రైవ్ ఎక్కడి నుండో వచ్చిన వింత వస్తువు కాదు. నేతగాని అట్టకు దూరపు చుట్టం.

నమూనా మార్చేటప్పుడు ఏమి చేస్తారో గమనించండి. కొత్త దండను ఎక్కించి, మొదటి అట్ట సరిగా కూర్చున్నదో లేదో చూసుకున్నాకే సాంచను నడుపుతారు. దించేటప్పుడు ముందు సాంచను ఆపుతారు. నడుస్తున్న సాంచ మీది నుండి దండను లాగడం మతి ఉన్నవాడెవడూ చేయడు. అట్ట చిరుగుతుంది, సూదులు వంగుతాయి, నేస్తున్న చద్దరు చెడుతుంది. మౌంట్, అన్‌మౌంట్ అన్నవి ఈ ఎక్కించడం, దించడమే.

కంప్యూటరులో ఆ మాటకు చరిత్ర కూడా అటువంటిదే. లినక్స్‌కు పూర్వరూపమైన యూనిక్స్ 1969లో బెల్ ప్రయోగశాలలో మొదలైంది. 1971లో వెలువడిన దాని మొదటి వివరణ పుస్తకంలోనే ఈ రెండు ఆదేశాలూ ఉన్నాయి. ఆనాడు డిస్కులు పెద్ద పెద్ద పళ్ళేల వంటివి. వాటిని మనిషి చేతులతో ఎత్తి యంత్రంలో అమర్చేవాడు. అమర్చాక కంప్యూటరుకు ఆ సంగతి చెప్పాలి. దించబోయే ముందు కూడా చెప్పాలి. యాభై ఏళ్ళ తరువాత డిస్కు బొటనవేలంత అయింది, చెప్పవలసిన అవసరం మాత్రం పోలేదు. విడిపించే ఆదేశపు ఆంగ్ల రూపంలో 'యు' తరువాత రావలసిన 'ఎన్' లేదు, 'యుమౌంట్' అనే ఉంటుంది. ఆనాటి ఆ పొదుపు ఈనాటికీ కొత్తవారిని తప్పు టైపు చేయిస్తూనే ఉంది.

పెట్టగానే

లినక్స్ డెస్క్‌టాప్ ముందు కూర్చుని పెన్‌డ్రైవ్‌ను యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి. ఒకటి రెండు క్షణాలు ఆగండి. చాలా డెస్క్‌టాప్‌లలో తగిలించే పని దానంతట అదే జరిగిపోతుంది. ఫైళ్ళను చూపే కిటికీ తెరిస్తే ఎడమవైపు పట్టీలో పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తుంది; దానిపై నొక్కితే లోపలి ఫైళ్ళు కుడివైపు వస్తాయి. కొన్ని తేలికపాటి డెస్క్‌టాప్‌లలో పేరు కనిపిస్తుంది కాని తగిలి ఉండదు. అప్పుడు ఆ పేరుపై నొక్కడమే తగిలించడం.

ఆ పేరు పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది: కింద అడ్డగీత, దానిపై త్రిభుజం. పాత టేప్ రికార్డర్లలో క్యాసెట్ బయటికి తీసే మీటపై ఉండే గుర్తే ఇది. ఈ గుర్తు ఉన్నదంటే పెన్‌డ్రైవ్ తగిలి ఉన్నదని అర్థం. మీ కంప్యూటరు భాష మరాఠీ అయినా, తెలుగైనా, ఇంగ్లీషైనా గుర్తు మారదు.

ఇక్కడ మూడు పేర్ల మధ్య తేడా తెలుసుకోవాలి. పట్టీలో కనిపించేది పెన్‌డ్రైవ్‌కు మనం పెట్టుకున్న పేరు. పేరు పెట్టకపోతే '16 జీబీ వాల్యూమ్' వంటిది కనిపిస్తుంది. రెండవది, అది తగిలిన చోటు, అంటే పైన చెప్పిన ఫోల్డరు. మూడవది, లినక్స్ ఆ పరికరానికి తనకు తాను ఇచ్చుకునే పేరు: 'ఎస్‌డిఎ', 'ఎస్‌డిబి' వంటిది. అందులోని భాగాలకు 'ఎస్‌డిబి1', 'ఎస్‌డిబి2' అని అంకెలు వస్తాయి. ఈ మూడవ పేరు స్థిరమైనది కాదు. ముందుగా ఏది పెడితే దానికి ముందు అక్షరం. ఈ రోజు 'ఎస్‌డిబి' అయిన పెన్‌డ్రైవ్ రేపు 'ఎస్‌డిసి' కావచ్చు. కనుక ఎవరో కాగితంపై రాసిచ్చిన ఆదేశాన్ని అక్షరాలు సరిచూడకుండా టైపు చేయరాదు. అది కంప్యూటరు లోపలి డిస్కుకే తగలవచ్చు.

సరిచూసుకోవడానికి ఒక నిరపాయమైన ఆదేశం ఉంది. టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, బి, ఎల్, కె అన్న అయిదు ఆంగ్లాక్షరాలను చిన్నబడిలో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కండి. కంప్యూటరుకు ఉన్న డిస్కులన్నీ, వాటి పరిమాణాలూ, తగిలి ఉన్న చోట్లూ పట్టికగా వస్తాయి. ఈ ఆదేశం చూపుతుంది తప్ప దేనినీ మార్చదు. 500 జీబీ ఉన్నది లోపలి డిస్కు, 16 జీబీకి కొంచెం తక్కువగా ఉన్నది మీ పెన్‌డ్రైవ్ అని పరిమాణాన్ని బట్టి పోల్చుకోవడం తేలిక. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ భాగం ఇంకా తగలలేదని అర్థం.

ఎందుకు లాగకూడదు

ఒక ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఏమి జరుగుతుంది? అది నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి పోతుందనుకుంటాము. పోదు. ముందు కంప్యూటరు మెమరీలోకి వెళ్ళి, అక్కడ వరుసలో నిలబడుతుంది. మెమరీ వేగం ఎక్కువ, పెన్‌డ్రైవ్ వేగం తక్కువ. మనిషిని ఎదురుచూడనీయకుండా, 'కాపీ అయింది' అని తెరపై చూపి, అసలు రాత పనిని లినక్స్ వెనుక తీరికగా చేసుకుంటుంది. సాధారణంగా వరుసలోని సమాచారానికి దాదాపు 30 సెకన్ల వయసు వచ్చాక దానిని రాయడం మొదలుపెడుతుంది. కొన్ని పెన్‌డ్రైవ్‌ల విషయంలో డెస్క్‌టాప్ ఇంతకన్నా తొందరపడుతుంది కాని, అది హామీ కాదు. పైగా మొదలుపెట్టడం వేరు, ముగించడం వేరు. సెకనుకు 5 ఎంబీ రాయగల మామూలు పెన్‌డ్రైవ్‌లో 1,000 ఎంబీల ఫైలు రాయడానికి 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన పడుతుంది. తెరపైని పట్టీ అంతకు చాలా ముందే నిండిపోవచ్చు.

పెద్ద ఫైలు విషయంలో ఎవరైనా కాస్త ఆగుతారు. అసలు ప్రమాదం చిన్న ఫైలుకే. దాఖలా స్కాన్ 300 కేబీలుంటుంది. కాపీ చేయగానే కనురెప్ప పాటులో అయిపోయినట్లు కనిపిస్తుంది. వెంటనే లాగేస్తాము. అది ఆ క్షణాన మెమరీలో మాత్రమే ఉండి ఉంటే, పెన్‌డ్రైవ్‌లో ఫైలు పేరు ఉంటుంది, పరిమాణం సున్నా ఉంటుంది. లేదా పేరు కూడా ఉండదు. తిరస్కరణ సందేశమేదీ రాదు. వారం తరువాత అర్జీ నింపే చోట ఆ పెన్‌డ్రైవ్ తెరిచినప్పుడే తెలుస్తుంది.

నష్టం ఆ ఒక్క ఫైలుతో ఆగకపోవచ్చు కూడా. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళతో పాటు ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫైలు ఏ గదులలో ఉన్నదో అందులో నమోదై ఉంటుంది. జనన నమోదు రిజిస్టరు వంటిదే అనుకోండి: బిడ్డ పుట్టినా రిజిస్టరులోకి ఎక్కకపోతే ధ్రువపత్రం రాదు. ఫైలు రాయబడి, పట్టికలో నమోదు సగంలో తెగిపోతే, ఆ ఫైలు లోపల ఉండి కూడా లేనట్లే. పట్టిక పుట చిరిగితే పక్కన ఉన్న పాత ఫైళ్ళ జాడ కూడా పోవచ్చు. లాగింది కొత్త ఫైలును కాపీ చేసినప్పుడు, పోయింది పాత పెళ్ళి ఫోటోలు అన్న విడ్డూరం ఇలా జరుగుతుంది.

విండోస్‌లో ఏనాడూ ఇలా చేయలేదే అని అనేవారుంటారు. వారి మాటలో కొంత నిజముంది. 2018లో వచ్చిన మార్పు తరువాత విండోస్ 10, బయటి డ్రైవ్‌లను త్వరగా తీసేందుకు వీలుగా, రాత పనిని వరుసలో ఎక్కువసేపు నిలపకుండా చేసే అమరికను ముందే పెట్టి ఉంచింది. ఆ అలవాటుతో లినక్స్‌కు వచ్చినవారే ఎక్కువగా నష్టపోతారు. రాత జరుగుతూ ఉండగా లాగితే విండోస్‌లోనైనా గతి ఇదే అన్నది వేరే సంగతి.

కనుక విడిపించే పద్ధతి చూద్దాం. పెన్‌డ్రైవ్‌లో తెరిచి ఉన్న ఫైళ్ళను మూసివేయండి. ఫైళ్ళ కిటికీలో పెన్‌డ్రైవ్ పేరు పక్కనున్న త్రిభుజపు గుర్తును నొక్కండి. ఆ నొక్కుతో లినక్స్ వరుసలో మిగిలినదంతా రాసి, పట్టికను సరిచేసి, ఆ తరువాతనే కొమ్మను చెట్టు నుండి విడదీస్తుంది. రాయవలసినది ఎక్కువ ఉంటే 'సమాచారం రాస్తున్నాము, తీయవద్దు' అన్న భావం గల సందేశం వస్తుంది. అది పోయి 'ఇక తీయవచ్చు' అన్నది వచ్చేదాకా చేయి వెనక్కి పెట్టుకోవాలి. సందేశం చూపని డెస్క్‌టాప్‌లో పట్టీ నుండి ఆ పేరు లేదా గుర్తు మాయమయ్యేదాకా ఆగాలి. పెన్‌డ్రైవ్‌పై దీపం ఉంటే అది మిణుకుమనడం మానినదో లేదో చూడడం మంచిదే కాని, దీపాన్ని మాత్రమే నమ్మరాదు. మెమరీలో వరుస మిగిలి ఉండగా కూడా అది కాసేపు నిశ్చలంగా ఉండవచ్చు.

ఒకసారి చేసి చూడండి. పోయినా ఫరవాలేని పెద్ద వీడియో ఒకటి కాపీ చేసి, పట్టీ నిండగానే త్రిభుజం నొక్కి, సందేశం మారడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూడండి. ఆ సమయమంతా మీ ఫైలు ఎక్కడ ఉన్నదో ఇక వేరే చెప్పనక్కరలేదు.

కొన్నిసార్లు త్రిభుజం నొక్కితే 'పరికరం వాడుకలో ఉంది' అని లినక్స్ నిరాకరిస్తుంది. ఇది కోపగించవలసిన విషయం కాదు, సాంచ ఇంకా నడుస్తున్నదని చెప్పడమే. లిబ్రెఆఫీస్‌లో పత్రం తెరిచి ఉండవచ్చు, వీడియో ఆడుతూ ఉండవచ్చు, టెర్మినల్ ఆ ఫోల్డరులోనే నిలిచి ఉండవచ్చు. వాటిని మూసి మళ్ళీ నొక్కండి. 'అయినా విడిపించు' అన్న మీట కూడా ఆ సందేశంలోనే ఉంటుంది. దానిని వాడకపోవడమే మేలు. ఏది తెరిచి ఉన్నదో ఎంతకూ తెలియకపోతే, కంప్యూటరును పద్ధతి ప్రకారం పూర్తిగా ఆపండి. ఆగే ముందు అది అన్నింటినీ రాసి విడిపిస్తుంది. ఆగాక తీయవచ్చు.

టెర్మినల్ అలవాటున్నవారికి మరొక ఆదేశం: ఎస్, వై, ఎన్, సి. నాలుగు అక్షరాలు టైపు చేసి ఎంటర్ నొక్కితే, వరుసలోనిదంతా రాసి ముగించేదాకా అది తిరిగి పలకదు. దీని తరువాత కూడా త్రిభుజం నొక్కవలసిందే.

లోపలి అమరిక

పెన్‌డ్రైవ్‌లో పట్టిక రాసే పద్ధతులు అనేకం. దుకాణం నుండి తెచ్చిన చిన్న పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా ఉండేది ఫ్యాట్32. టీవీలు, పాత యంత్రాలు, పెన్‌డ్రైవ్ నుండి నమూనా తీసుకునే నేత యంత్రాలలో అనేకం దీనినే గుర్తిస్తాయి. దీని లోపం ఒక్కటే: ఏ ఒక్క ఫైలూ 4 జీబీలకు చేరరాదు. నారళీ పౌర్ణమి నాటి మార్కండేయ రథోత్సవాన్ని మొదటి నుండి చివరి దాకా ఒకే వీడియోగా తీసి 32 జీబీల పెన్‌డ్రైవ్‌లో పెట్టబోతే, సగానికి పైగా ఖాళీ ఉన్నా 'ఫైలు మరీ పెద్దది' అని ఆగిపోవచ్చు. పెన్‌డ్రైవ్ చెడిపోయిందని పారేయకండి. వీడియోను ముక్కలు చేయండి, లేదా ఎక్స్‌ఫ్యాట్ అమరిక ఉన్న పెన్‌డ్రైవ్ వాడండి. ఎక్స్‌ఫ్యాట్ వివరాలను మైక్రోసాఫ్ట్ 2019లో బయటపెట్టాక లినక్స్ దానిని సొంతంగా చదవడం, రాయడం నేర్చింది. అంతకు ముందటి లినక్స్ ఉన్నవారు దానికి తగిన అదనపు ప్యాకేజీని వేసుకోవలసి ఉంటుంది.

పెద్ద బయటి హార్డ్‌డిస్కులలో తరచు ఉండేది ఎన్‌టిఎఫ్‌ఎస్. ఇందులో ఒక చిక్కు ఉంది. విండోస్ కంప్యూటరును 'షట్‌డౌన్' చేసినప్పుడు అది తరచు పూర్తిగా ఆగదు. మరుసటిసారి త్వరగా లేవడానికి సగం నిద్రలో ఉండిపోతుంది. దానికి తగిలించి ఉన్న డిస్కును అలాగే తీసి లినక్స్‌కు పెడితే, లినక్స్ దానిని తగిలించడానికి నిరాకరిస్తుంది, లేదా చదవనిస్తుంది కాని రాయనీయదు. అది మన ఫైళ్ళ మేలు కోరి చేసే పనే. ఆ డిస్కును తిరిగి అదే విండోస్ యంత్రానికి పెట్టి, 'రీస్టార్ట్' చేసి, పద్ధతిగా విడిపించి తీసుకువస్తే సరిపోతుంది.

లినక్స్ సొంత అమరిక ఎక్స్‌ట్4. అది మీ కంప్యూటర్ల మధ్యనే తిరిగే డిస్కుకు మేలైనది. జెరాక్స్ దుకాణంలోని విండోస్‌కు మాత్రం చదవరాదు. మరొక చిన్న మాట: ఫైలు పేరులో కాలాన్ని సూచించే రెండు చుక్కలు, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులను లినక్స్ తన డిస్కులో అనుమతిస్తుంది, ఫ్యాట్32 అనుమతించదు. '10:30 ముహూర్తం' అన్న ఫైలు కాపీ కాకపోతే పేరులోని చుక్కలు తీసివేయండి. తెలుగు అక్షరాల పేర్లకు ఏ అభ్యంతరమూ లేదు.

తగలకపోతే, రాయనీయకపోతే

మొదట మరో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి చూడండి. పెద్ద డెస్క్‌టాప్ పెట్టెకు వెనుకవైపు రంధ్రాలు ముందువైపు వాటికన్నా నమ్మకమైనవి. ఆ అయిదక్షరాల ఆదేశంలో పెన్‌డ్రైవ్ అసలు కనిపించకపోతే లోపం పరికరంలోనో రంధ్రంలోనో ఉంది. కనిపించి, తగిలిన చోటు మాత్రం ఖాళీగా ఉంటే, 'డిస్క్స్' అన్న ప్రోగ్రాము తెరవండి. ఉబుంటు, మింట్‌లలో అది ముందే ఉంటుంది. ఎడమవైపు మీ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, దాని భాగాల చిత్రం కింద పాట మొదలుపెట్టే మీట వంటి త్రిభుజం కనిపిస్తుంది. దానిని నొక్కితే తగులుతుంది. తగిలాక అదే చోట చతురస్రం వస్తుంది, అది విడిపించడానికి. ఆ పక్కనున్న జాబితాలోనే 'ఫార్మాట్' కూడా ఉంటుంది. ఫార్మాట్ చేయడమంటే పాత పట్టికను చెరిపి కొత్త ఖాళీ పట్టిక పెట్టడం. ఫైళ్ళు కావలసిన పెన్‌డ్రైవ్‌పై దానిని ఎవరు నొక్కమన్నా నొక్కవద్దు.

తగిలి కూడా రాయనీయకపోతే కారణాలు కొన్నే. మెమరీ కార్డును పెట్టే తొడుగుకు పక్కన చిన్న తాళపు మీట ఉంటుంది; అది కిందికి జారి ఉండవచ్చు. పట్టికలో లోపం కనిపించి లినక్స్ తనంతట తానే చదవడానికి మాత్రమే పరిమితం చేసి ఉండవచ్చు. లేదా పెన్‌డ్రైవ్ ఆయువు తీరి, ఇక చదవడం తప్ప రాయడం కుదరని స్థితికి వచ్చి ఉండవచ్చు. కారణం ఏదైనా ముందు చేయవలసినది ఒక్కటే: లోపలి ఫైళ్ళను కంప్యూటరులోకి కాపీ చేసుకోవడం. మరమ్మతు ఆ తరువాత. 'డిస్క్స్'లో మరమ్మతు చేసే సౌకర్యం ఉంది కాని, మరమ్మతు పట్టికను సరిచేస్తుంది, మీ ఫైళ్ళను తిరిగి తెస్తానని మాట ఇవ్వదు.

ఫైళ్ళు ఇప్పటికే పోయి ఉంటే, ఆ పెన్‌డ్రైవ్‌లో కొత్తగా ఏదీ రాయకండి. పట్టికలో పేరు పోయినా గదులలో ఫైలు మిగిలి ఉండవచ్చు. కొత్తది రాస్తే ఆ గది నిండిపోతుంది. 'ఫోటోరెక్' అనే ఉచిత ప్రోగ్రాము పట్టికతో సంబంధం లేకుండా గదులను వెతికి ఫైళ్ళను బయటికి తీస్తుంది. తీసినవాటిని వేరే డిస్కులో దాచమని చెప్పాలి. పేర్లు తిరిగి రావు, కాని కాగితం వస్తే పేరు మనమే పెట్టుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ ప్రింటు దుకాణానికి వెళ్ళివచ్చాక ఫోల్డర్లన్నీ మాయమై, వాటి చోట షార్ట్‌కట్‌లు కనిపించడం చాలామందికి అనుభవమే. అది విండోస్ వైరస్ పని. ఫోల్డర్లు పోవు, వాటికి 'దాచినవి' అన్న ముద్ర పడుతుంది, అంతే. ఆ ముద్రను లినక్స్ పట్టించుకోదు కనుక పెన్‌డ్రైవ్‌ను లినక్స్‌కు పెడితే అసలు ఫోల్డర్లు మామూలుగానే కనిపిస్తాయి. ఒక్కొక్కసారి పేరు లేనట్లున్న ఒక ఫోల్డరులో అన్నీ చేరి ఉంటాయి. వాటిని కంప్యూటరులోకి తీసుకుని, షార్ట్‌కట్‌లను చెరిపివేయవచ్చు. ఏదైనా ఇంకా కనిపించకపోతే కంట్రోల్ మీటతో పాటు 'హెచ్' నొక్కి చూడండి. చుక్కతో మొదలయ్యే పేర్లు గల ఫైళ్ళు బయటపడతాయి.

ఫోను సంగతి వేరు. ఫోనును తీగతో కలిపినప్పుడు అది పెన్‌డ్రైవ్ లాగా తన డిస్కును కంప్యూటరు చేతికి ఇవ్వదు. అడిగిన ఫైలును తానే తీసి అందిస్తుంది. అందుకే ఆ అయిదక్షరాల ఆదేశపు పట్టికలో ఫోను కనిపించదు. తీగ కలిపాక ఫోను తెరపై వచ్చే సూచనను తాకి, 'ఛార్జింగ్ మాత్రమే' అన్నదానిని 'ఫైల్ బదిలీ'గా మార్చి, ఫోను తాళం తీసి ఉంచితే, ఫైళ్ళ కిటికీ ఎడమ పట్టీలో దాని పేరు వస్తుంది. ఫోటోలు కాపీ అవుతున్నంతసేపు ఫోనును కదపకండి. ముగిశాక దాని పేరు పక్కన కూడా అదే త్రిభుజం ఉంటుంది, దానిని నొక్కి తీగ తీయండి.